పనిశాలలో విద్యుచ్ఛక్తి: నడుపుటయు నిలుపుటయు

ఒక యింటిలో పది దీపములు వెలుగుట వేరు, ఒక పనిశాలలో పది యంత్రములు తిరుగుట వేరు. దీపమును వెలిగించినవాడొకడు, దాని క్రింద కూర్చున్నవాడు మరియొకడు అయినను ప్రమాదము లేదు. యంత్రము విషయమున అట్లు కాదు. రంపమునకు కరెంటు ఇచ్చినవాడు తలుపు దగ్గర నిలిచియుండ, రంపపు పళ్ళ దగ్గర వేరొకని వ్రేళ్ళు ఉన్నచో ఏమగునో చెప్పనక్కరలేదు. పలువురు కలిసి పనిచేయు తావున విద్యుచ్ఛక్తిని ఎట్లు పంచవలెను, దానిని ఎవరు నడుపవలెను, ఎవరు నిలుపవలెను అను విషయమును తల్లిదండ్రులకు తెలియజేయుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి పట్టణములలోను, వాని చుట్టుపట్ల గ్రామములలోను చిన్న పనిశాలలకు కొదువ లేదు. తలుపులు, కిటికీలు చేయు వడ్రంగి దుకాణములు, ఇనుప గేట్లు అతుకు వెల్డింగు దుకాణములు, ట్రాక్టరు పనిముట్లు బాగుచేయు షెడ్లు, పిండి మరలు, శిడ్లఘట్ట వైపున పట్టునూలు తీయు కేంద్రములు ఎన్నియో కలవు. మన పాఠశాలల వంటి వానికి పిల్లలను పంపు కుటుంబములలో అనేకులకు ఇట్టి పనులే జీవనాధారము. సెలవు దినములలో తండ్రి వెంట దుకాణమునకు పోవు పిల్లలు కలరు. పదియవ తరగతి ముగించి ఐ.టి.ఐ.లో చేరువారు కలరు. ఇదిగాక, నీతి ఆయోగు 2016లో ఆరంభించిన అటల్ టింకరింగ్ ప్రయోగశాలల పథకము వలన ఆరు మొదలు పన్నెండవ తరగతి వరకు చదువు పిల్లలకు పాఠశాలలలోనే విద్యుత్ పనిముట్లు అందుచున్నవి. ఐదేండ్లలో ప్రభుత్వ పాఠశాలలయందు ఇట్టివి 50,000 నెలకొల్పుదుమని 2025 నాటి కేంద్ర బడ్జెటు ప్రకటించినది. కావున యంత్రము దగ్గర నిలుచు పిల్లల సంఖ్య పెరుగునే గాని తరుగదు.

ఒక్క ఇరుసు, పెక్కు యంత్రములు

ఒకచోట పుట్టిన శక్తిని దూరమున నున్న యంత్రములకు పంచుట మన సీమకు కొత్త కాదు. 1902లో కావేరి మీది శివనసముద్రమున ఉత్పత్తియైన విద్యుత్తు దాదాపు 147 కిలోమీటర్లు తీగల మీద ప్రయాణించి కోలారు బంగారు గనులను చేరినది. బెంగళూరు వీధులలో విద్యుద్దీపములు వెలిగినది ఆ పిమ్మట, 1905లో. 2007లో ప్రత్యేక జిల్లా ఏర్పడువరకు మన తాలూకాలు ఆ కోలారు జిల్లాలోనివే. అనగా, మన ప్రాంతమున కరెంటు మొదట యంత్రమునకు వచ్చి, తరువాతనే దీపమునకు వచ్చినది.

ఆ కాలపు కర్మాగారములలో ప్రతి యంత్రమునకును వేరువేరు మోటారు ఉండెడిది కాదు. గదికంతటికిని ఒక్కటే పెద్ద మోటారు. అది పైకప్పు క్రింద అమర్చిన పొడవైన ఇరుసును త్రిప్పెడిది. ఆ ఇరుసు మీది చక్రముల నుండి తోలు బెల్టులు దిగి క్రింది యంత్రములను నడిపెడివి. ఒక్క యంత్రమును మాత్రము ఆపవలెనన్నచో, దాని బెల్టును పట్టుగా తిరుగు చక్రము మీదినుండి ప్రక్కనున్న వదులు చక్రము మీదికి ఒక కొయ్యతో జరపెడివారు. అన్నింటిని ఆపవలెనన్నచో మోటారు దగ్గరకు పరుగెత్తవలసినదే. గదికి ఆ చివర బెల్టులో ధోవతి కొంగు చిక్కుకొన్నవాడు, ఈ చివరనున్న వానికి కేక వినబడువరకు ఆగవలసి వచ్చెడిది.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టములో 24వ సెక్షను ఈ కష్టమును గుర్తించి వ్రాయబడినదే. బెల్టులను జరుపుటకు తగిన సాధనము ఉండవలెననియు, ఆపద సమయమున తిరుగుచున్న యంత్రములకు శక్తిని ఆపివేయు సాధనము ప్రతి పనిగదిలోను ఉండవలెననియు ఆ సెక్షను విధించినది. ఆపివేసిన స్విచ్చి పొరపాటున తిరిగి పడు వీలున్నచో, దానిని ఆపిన స్థితియందే తాళము వేసి ఉంచు ఏర్పాటు కావలెనని తరువాతి కాలమున చేర్చిరి. 2025 నవంబరు 21 నుండి ఆ చట్టము స్థానమున 2020 నాటి వృత్తిభద్రతా స్మృతి అమలులోనికి వచ్చినది. చట్టము పేరు మారినను అవసరము మారలేదు.

ఇచట తల్లిదండ్రులు గమనింపవలసిన విషయమొకటి కలదు. కరెంటుతో పనిచేయుచోట పదిమంది పనివారున్నప్పుడే పాత చట్టము దానిని ఫ్యాక్టరీగా ఎంచినది. క్రొత్త స్మృతి ఆ సంఖ్యను ఇరువదికి పెంచినది. మన ఊళ్ళలోని వడ్రంగి దుకాణములలో నలుగురు, ఐదుగురికి మించి ఉండరు. కావున ఫ్యాక్టరీలను తనిఖీ చేయు అధికారి మన పిల్లవాడు పనినేర్చు దుకాణము గడప త్రొక్కడు. అచ్చటి జాగ్రత్త యజమాని చేతిలోను, పిల్లవానిని పంపు మన చేతిలోను ఉన్నది.

పోయిన కరెంటు తిరిగి వచ్చునపుడు

నేడు ప్రతి యంత్రమునకును దాని మోటారు దానికే కలదు. ఒకదానిని ఆపుటకు వేరొకదానిని ఆపనక్కరలేదు. ఇది గొప్ప మేలు. కాని దీనితోపాటు పాత కాలమున లేని ఒక అపాయము వచ్చినది. అది కరెంటు పోయినపుడు కాక, తిరిగి వచ్చినపుడు కలుగు అపాయము.

దీనిని మన రైతులకు ఎరిగిన వస్తువుతోనే చెప్పవచ్చును. నిత్యము పారు నది లేని ఈ జిల్లాలో వేయి అడుగులకు మించిన బోర్లు వేసి నీరు తోడుచున్నాము. వ్యవసాయమునకు మూడు ఫేజుల కరెంటు రోజులో కొన్ని గంటలు మాత్రమే వచ్చును. అది ఏ వేళ వచ్చునో అని కాచుకొనియుండలేక రైతు ఆటోస్టార్టరు అను పెట్టెను అమర్చుకొనును. కరెంటు రాగానే అది మోటారును తానే నడుపును. మోటారు భూమిలో వందల అడుగుల లోతున ఉన్నది, దాని దగ్గర ఎవరి చేయియు లేదు. కావున అక్కడ ఆ సౌకర్యము పెద్దగా కీడు చేయదు.

ఆ గుణమే రంపపు బల్లకు ఉన్నదని తలపుడు. మధ్యాహ్నము కరెంటు పోయినది. రంపము ఆగినది. స్విచ్చిని ఎవరును తీయలేదు, ఏలయన తీయవలసిన అవసరము ఎవరికిని తోచలేదు. ఖాళీగా నుండనేల అని పనివాడు పళ్ళ సందున చిక్కిన చెక్కపేళ్ళను వ్రేలితో తీయుచున్నాడు. ఇంతలో కరెంటు వచ్చినది. ఆ క్షణమున తప్పు చేసినవాడు ఎవడును లేడు. విద్యుత్ శాఖ కరెంటు ఇచ్చుట తప్పు కాదు. పనివాడు యంత్రమును శుభ్రపరచుట తప్పు కాదు. గోడకు బిగించిన మామూలు స్విచ్చితో రంపమును నడుపుటయే తప్పు. ఆ స్విచ్చి దీపమునకు తగినది. కరెంటు పోయినను అది వేసినది వేసినట్లే ఉండును.

యంత్రమునకు తగినది స్టార్టరు. దానిలో ఒక విద్యుదయస్కాంతము ఉండును. పచ్చ మీటను నొక్కగానే ఆ అయస్కాంతమునకు కరెంటు చేరి, అది ఒక ఇనుప పలకను తనవైపు లాగికొనును. ఆ పలక లోపలి రాగిముక్కలను కలుపగా మోటారు తిరుగును. చేయి తీసినను పలక విడిపోదు. ఏలయన కలిసిన రాగిముక్కల ద్వారానే అయస్కాంతమునకు కరెంటు అందుచుండును. ఎర్ర మీటను నొక్కినపుడు గాని, కరెంటు పోయినపుడు గాని అయస్కాంతము బలము పోవును. స్ప్రింగు పలకను వెనుకకు త్రోయును. తరువాత కరెంటు తిరిగి వచ్చినను పలక తనంతట తాను అతుకదు. మనిషి వచ్చి మరల పచ్చ మీటను నొక్కవలసినదే. ఈ అయస్కాంతపు చుట్టను పనివారు నో వోల్టు కాయిలు అందురు. మోటారు శక్తికి మించిన పని చేయుచు వేడెక్కినపుడు దానిని నిలుపు ఓవర్‌లోడు రిలేయును ఈ పెట్టెలోనే ఉండును.

దుకాణములో ఈ ఏర్పాటు ఉన్నదో లేదో తెలిసికొనుటకు ఇంజనీరు కానక్కరలేదు. యంత్రము వట్టిగా తిరుగుచుండగా, అందరును దూరముగా నిలిచి, మెయిను స్విచ్చిని తీసి మరల వేయింపుడు. యంత్రము తానుగా తిరిగినచో ఆ దుకాణములో మన పిల్లవాడు నిలువదగడు. పచ్చ మీట నిలువదని దాని సందున చెక్కముక్క దోపియుంచుట కంటె పెద్ద అవివేకము లేదు. చేత పట్టుకొను గ్రైండరు, డ్రిల్లు వంటి వానిలో మీటను నొక్కిన స్థితియందే బిగించు చిన్న కొక్కెము ఉండును. కరెంటు పోయిన వెంటనే ఆ కొక్కెమును విడిపించి ప్లగ్గును ఊడదీయుట పిల్లలకు మొదటి పాఠము కావలెను.

తీగ ఎంత మోయును?

రెండవ విషయము బరువును పంచుట. ఒక అశ్వశక్తి అనగా 746 వాట్లు. మోటారు తాను పుచ్చుకొన్న శక్తినంతటిని పనిగా మార్పదు, కొంత వేడిమిగా పోవును. 230 వోల్టుల సింగిల్ ఫేజు మీద రెండు అశ్వశక్తుల రంపపు మోటారు నిండు పనిలో సుమారు 11 ఆంపియర్లు తీసికొనును. ఒక అశ్వశక్తి చిత్రిక యంత్రము ఐదున్నర ఆంపియర్లు తీసికొనును. చెక్కపొడిని పీల్చు బ్లోయరు ఒక అశ్వశక్తిది అయినచో మరి ఐదున్నర. చేతి గ్రైండరుకు నాలుగు. మొత్తము 26 ఆంపియర్లు. ఇవి యన్నియు ఒకే 16 ఆంపియర్ల ప్లగ్గు నుండి పొడిగింపు బోర్డుల ద్వారా నడుపబడుచున్నచో తీగ లోలోపల కాగును. పొడిబారిన చెక్కపొడి గల దుకాణములో కాగిన తీగకు ఏమి తోడు దొరకునో ఊహింపవచ్చును.

ఇంతే కాదు. ఆగియున్న మోటారు బయలుదేరునపుడు మామూలు కంటె ఐదారు రెట్లు కరెంటు లాగును. రంపము బయలుదేరు క్షణమున అది అరువది ఆంపియర్ల వరకు పోవచ్చును. నాలుగు మోటార్లు ఒక్కమారు బయలుదేరినచో ఫ్యూజు పోవుట సహజము. అప్పుడు విసుగుచెంది ఫ్యూజులో లావు తీగ వేయువారు కలరు. ఫ్యూజు తీగ సన్నగా ఉండుట లోపము కాదు. గోడలోని తీగ కాలకముందే తాను తెగిపోవుటయే దాని పని. దానికి బదులు లావు తీగ వేసినచో, కాలవలసినది గోడలోని తీగయే.

సరియైన మార్గము మూడు మెట్లుగా ఉండును. మొదటిది, దుకాణపు మొత్తము బలువును లెక్కించి దానికి తగిన కనెక్షను పుచ్చుకొనుట. పెద్ద యంత్రములున్నచో 415 వోల్టుల మూడు ఫేజుల కనెక్షను తీసికొని, యంత్రములను మూడు ఫేజులకును సమముగా పంచవలెను. మూడింటిలో ఒక ఫేజు పోయినచో మోటారు మూలుగుచు కాలిపోవును గనుక, బోరు మోటార్లకు పెట్టు ప్రివెంటరును ఇచటను పెట్టవలెను. రెండవది, ప్రతి యంత్రమునకును తీగ లావునకు తగిన వేరు ఎం.సి.బి. పెట్టుట. అప్పుడు ఒక యంత్రములోని లోపము మిగిలినవానిని చీకటిలో పడవేయదు. మూడవది, అన్నియు ఒక్కమారు నడువకుండ చూచుట. ఒక్కడే పనిచేయు దుకాణములో రంపమును, చిత్రికను ఒకేసారి నడుపు అవసరము రాదు. ఒకమారు ఒకదానికి మాత్రమే కరెంటు పోవునట్లు త్రిప్పుడు స్విచ్చి అమర్చినచో తీగకు బలువు తగ్గును, మనిషికి ధ్యానము నిలుచును.

తీగకు కాపు వేరు, మనిషికి కాపు వేరు

ఎం.సి.బి. ఉన్నది గదా, షాకు కొట్టినచో అదియే పడిపోవును అని అనేకులు నమ్ముచున్నారు. ఈ నమ్మకము ప్రాణాంతకము. ఎం.సి.బి.యు, ఫ్యూజును తీగకు కాపు కాయును, మనిషికి కాదు. పదిపదునైదు మిల్లీఆంపియర్ల కరెంటు దేహములో ప్రవహించినచో కండరములు బిగిసి చేయి పట్టు విడువదు. యాబది మిల్లీఆంపియర్లు దాటినచో గుండె లయ తప్పవచ్చును. 16 ఆంపియర్లనగా 16,000 మిల్లీఆంపియర్లు. మనిషి మరణించుచున్నను అంత కొద్ది కరెంటు ఎం.సి.బి.కి లెక్కలోనికే రాదు.

మనిషికి కాపు కాయునది ఆర్.సి.సి.బి. అను సాధనము. విహారయాత్రకు బయలుదేరునపుడు పిల్లలను లెక్కించి, తిరిగి బస్సు ఎక్కునపుడు మరల లెక్కించు ఉపాధ్యాయుని వంటిది అది. ఒక తీగ ద్వారా వెళ్ళిన కరెంటు రెండవ తీగ ద్వారా అంతయు తిరిగి వచ్చినదా అని అది సదా సరిచూచుచుండును. లెక్కలో 30 మిల్లీఆంపియర్లు తగ్గినచో, ఆ కరెంటు ఎవరి దేహము ద్వారానో, తడిగోడ ద్వారానో భూమిలోనికి పోవుచున్నదని ఎంచి రెప్పపాటులో మొత్తమును ఆపివేయును. పనిముట్ల ప్లగ్గులన్నింటికిని 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉండవలెను. కాగిన నీటి తొట్ల మధ్య తడిచేతులతో పనిచేయు పట్టునూలు కేంద్రములకు ఇది మరింత అవసరము. దాని మీది చిన్న పరీక్ష మీటను నెలకొకమారు నొక్కి, అది పడుచున్నదో లేదో చూడవలెను. అయితే, ఒక చేత ఫేజును, మరియొక చేత న్యూట్రలును పట్టుకొన్నచో లెక్క సరిపోవును గనుక ఆర్.సి.సి.బి. కూడ రక్షింపజాలదు.

దీనితోపాటు ఎర్తు. యంత్రపు ఇనుప దేహమును భూమికి కలుపు తీగ ఇది. మన ఎఱ్ఱనేల వేసవిలో ఎండి బీటలు వారినపుడు ఎర్తు గుంటలోని తేమయు పోవును. తేమ లేని నేల కరెంటును సులభముగా గ్రహింపదు. ఎండాకాలమున ఎర్తు గుంటలో నీరు పోయించుట, తులసికోటకు నీరు పోసినంత నియమముగా జరుగవలెను.

నడుపువాడు ఒక్కడు, నిలుపువారు అందరు

ఇక ముఖ్యమైన విషయము. పలువురు కలిసి పనిచేయు తావున రెండు అధికారములను వేరుపరచవలెను. కరెంటును ఇచ్చు అధికారము ఒక్కరికే ఉండవలెను. దానిని ఆపు అధికారము అందరికిని ఉండవలెను. అనేక దుకాణములలో ఇది తలక్రిందుగా ఉన్నది. యంత్రమును ఎవరైనను నడుపుదురు. ఆపుటకు మాత్రము యజమాని బల్ల వెనుక గోడకున్న మెయిను స్విచ్చి దగ్గరకు పోవలెను.

ఏర్పాటు ఇట్లుండవలెను. యంత్రములకును, పనిముట్ల ప్లగ్గులకును పోవు కరెంటంతయు కంటాక్టరు అను ఒక పెద్ద అయస్కాంతపు స్విచ్చి ద్వారా పోవలెను. దానిని కలుపు మీటకు తాళపుచెవి ఉండవలెను. ఆ చెవి పాఠశాలలో ఉపాధ్యాయుని దగ్గర, దుకాణములో మేస్త్రి దగ్గర ఉండవలెను. ఆయన గదిలో లేనపుడు యంత్రములకు కరెంటు లేదు. కాని ప్రతి బల్ల దగ్గరను, తలుపు దగ్గరను, పసుపు పలక మీద పుట్టగొడుగు వంటి పెద్ద ఎర్రమీట ఉండవలెను. అరచేతితో, మోచేతితో, మోకాలితో, ఎట్లు తాకినను అది నొక్కుకొనవలెను. వాటిలో ఏ ఒక్కటి నొక్కినను గదిలోని యంత్రములన్నింటికిని కరెంటు తెగిపోవును.

ఈ ఎర్రమీటలను గొలుసు కడియముల వలె ఒకదానికొకటి వరుసగా కలుపుదురు. గొలుసు నిండుగా ఉన్నంతవరకే కంటాక్టరు అతుకుకొని యుండును. మీటను నొక్కుట అనగా గొలుసును త్రెంచుట. ఎలుక కొరికి తీగ తెగినను గొలుసు తెగినట్లే గనుక యంత్రములు ఆగిపోవును. ఏర్పాటు చెడిపోయినపుడు యంత్రము ఆగవలెనే గాని తిరుగరాదు అను సూత్రము ఇందులో ఇమిడియున్నది. ఈ మీటల తీగలకు 24 వోల్టుల కరెంటు చాలును.

మూడు జాగ్రత్తలు మరువరాదు. దీపములను ఈ గొలుసులో చేర్పరాదు. ఎర్రమీట నొక్కగానే గది చీకటియైనచో, ఇంకను తిరుగుచున్న రంపము కంటికి కానరాదు. కరెంటు ఆగుట వేరు, రంపము ఆగుట వేరు. వేగముగా తిరుగుచున్న పళ్ళు నిలుచుటకు కొంత సమయము పట్టును. రెండవది, నొక్కిన మీటను త్రిప్పి పైకి లేపినంత మాత్రాన ఏ యంత్రమును కదలరాదు. మేస్త్రి గది అంతయు ఒకమారు చుట్టివచ్చి, చేతి పనిముట్ల మీటలన్నియు తీసియున్నవని చూచిన పిమ్మటనే తాళపుచెవి త్రిప్పవలెను. మూడవది, ఎర్రమీటను నొక్కిన పిల్లవానిని ఎన్నడును కోపింపరాదు. పదిమార్లు అనవసరముగా నొక్కినచో పది నిమిషముల పని పోవును. తిట్లకు భయపడి పదునొకండవ మారు నొక్కకున్నచో పోవునది పని కాదు.

ఎవరి తాళము వారిది

బ్లేడు మార్చునపుడు, బెల్టు బిగించునపుడు, లోపల శుభ్రపరచునపుడు వట్టి స్విచ్చి తీయుట చాలదు. ప్లగ్గు గల యంత్రమైనచో ప్లగ్గును ఊడదీసి కంటి ఎదుటనే పెట్టుకొనవలెను. గోడలోనుండి నేరుగా తీగ వచ్చు యంత్రమైనచో, దాని స్విచ్చిని ఆపి, తన తాళమును వేసి, చెవిని తన జేబులోనే ఉంచుకొనవలెను. ఇద్దరు పనిచేయుచున్నచో రెండు తాళములు, ముగ్గురైనచో మూడు. దేవాలయపు హుండీకి ఇద్దరు ముగ్గురు వేరువేరు తాళములు వేయుదురు. అందరును వచ్చిననే గాని అది తెరువబడదు. ఇదియు అట్టిదే. చివరివాడు తన చేతిని బయటికి తీసి తన తాళమును తాను విప్పువరకు కరెంటు రాదు. హుండీలోని ధనమునకు మనము చూపు జాగ్రత్త పిల్లవాని చేతికి చూపుటకు కావలసిన వ్యయము ఒక తాళము వెల మాత్రమే.

ఏ భాషలో వ్రాయవలెను?

భాషా అల్పసంఖ్యాకుల పాఠశాలకు చెందిన మనము ఈ ప్రశ్నను విడువరాదు. ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధించు సౌకర్యములు కల్పింపవలెనని రాజ్యాంగములోని 350-ఎ అధికరణము చెప్పుచున్నది. 1956లో ఏడవ సవరణ ద్వారా అది చేర్చబడినది. మాతృభాష విలువ కావ్యపఠనమునకే పరిమితము కాదు. అపాయ సమయమున మనస్సు అనువాదము చేయదు. ఇంటిలో తెలుగు మాటలాడు పిల్లవాడు ఉలికిపాటున తెలుగులోనే కేక వేయును, తెలుగు కేకకే మొదట తల త్రిప్పును.

అయినను దుకాణములో వాని ప్రక్కనున్నవాడు కన్నడిగుడు కావచ్చును, ఉత్తరదేశము నుండి వచ్చిన హిందీవాడు కావచ్చును. కావున ఎర్రమీట మీద తెలుగున ఆపు అనియు, కన్నడమున నిల్లిసు అనియు వ్రాయవలెను. రెండు మాటలును పిల్లలందరికిని కేక వేయుటకు అలవాటు కావలెను. చదువురాని వారికి గుర్తులున్నవి. స్విచ్చి మీద నిలువు గీత ఉన్నచో నడుచుట, సున్న ఉన్నచో నిలుచుట. ఈ గుర్తులు లోకమంతట ఒక్కటే. కైవారము తాతయ్య ఒకే నోటితో తెలుగునను కన్నడమునను పాడిన సీమ యిది. రెండు భాషలలో ఒక హెచ్చరిక వ్రాయుట మనకు బరువు కాదు.

ఎవరికైనను షాకు తగిలినచో చేయవలసినదియు ఈ రెండు భాషలలోనే గోడ మీద ఉండవలెను. ముందు కరెంటును ఆపవలెను. ఆపుటకు వీలుకానిచో ఎండిన కఱ్ఱతో తీగను తొలగింపవలెను. వట్టిచేతితో ఆ మనిషిని తాకరాదు. 108కి పిలువవలెను. శ్వాస లేనిచో అంబులెన్సు వచ్చువరకు రొమ్ము నడుమ గట్టిగా, వేగముగా, విడువక నొక్కుచుండవలెను. వీధిలో తీగ తెగిపడినచో దగ్గరకు పోక బెస్కాం వారి 1912 సంఖ్యకు తెలుపవలెను.

తల్లిదండ్రులు అడుగవలసినవి

పదునాలుగేండ్లు నిండని పిల్లవానిని పనికి పెట్టరాదనియు, పదునెనిమిదేండ్లు నిండువరకు ప్రమాదకరమైన పనులలో పెట్టరాదనియు 2016లో సవరించిన బాలకార్మిక చట్టము చెప్పుచున్నది. బడి వేళల తరువాత సొంత కుటుంబపు పనిలో సాయపడుటకు ఇచ్చిన వీలు కూడ ప్రమాదకరము కాని పనులకే. కావున తండ్రి దుకాణమైనను, రంపము దగ్గర చిన్నవానికి చోటు లేదు. కొలత పట్టుట, గీత గీయుట, రంగు వేయుట వాడు నేర్వవచ్చును.

వయసు వచ్చి పని నేర్వబోవు కుమారుని గాని, కుమార్తెను గాని ఒక దుకాణమునకో, శిక్షణశాలకో పంపునపుడు యజమానిని ఐదు ప్రశ్నలు అడుగవలసినదిగా కోరుచున్నాము. కరెంటు పోయి వచ్చినచో యంత్రము తానుగా తిరుగునా? బిడ్డ నిలుచు చోటి నుండి చేతికందు దూరములో ఆపు మీట ఉన్నదా? ఆర్.సి.సి.బి. ఉన్నదా, దానిని ఎప్పుడు పరీక్షించితిరి? బ్లేడు మార్చునపుడు తాళము వేయుదురా? మీరు లేనపుడు యంత్రములు నడుచునా? వీనిని అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు. పెండ్లి సంబంధమునకు పోయినపుడు ఇంతకంటె ఎక్కువ ప్రశ్నలు అడుగుచునే యున్నాము. లోపము కనబడినచో దానిని సరిచేయు పనిని లైసెన్సు గల ఎలక్ట్రీషియను చేతనే చేయింపవలెను.

పిల్లలను యంత్రములకు దూరముగా ఉంచవలెనని మేము చెప్పుట లేదు. చిక్కబళ్ళాపురమునకు చేరువనున్న ముద్దేనహళ్ళిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు మైసూరు దివానుగా ఉండి 1917లో బెంగళూరున ఇంజనీరింగు కళాశాలను నెలకొల్పుటకు కారకులైరి. ఆ మహనీయుని జిల్లాలోని పిల్లలు పనిముట్టు పట్టుటకు జంకరాదు. అయితే చేతిపని నేర్చుటకు ముందు చేయి మిగిలియుండవలెను. యంత్రమును నడుపుట నేర్పు ప్రతి గురువును మొదటి దినమున దానిని నిలుపుటనే నేర్పవలెను. ఆ పాఠము ముగిసినదని బిడ్డ నోటనే వినిన పిమ్మట వానిని రెండవ దినము పనికి పంపుడని తల్లిదండ్రులకు మా మనవి.